మూత్రపిండముల జబ్బు - ఎముకల బాధ
(మహాసభ సందర్భమున చేసిన ఉపన్యాసము)



మహాసభలలో పిల్లల విద్యను గూర్చి, వరకట్నమును గూర్చి, నూలు ధరలను గూర్చి మాటలాడుట మనకు వాడుక. ఈ పూట మా వంతునకు వచ్చినది ఎముకల ముచ్చట. అదియును అందరి ఎముకల ముచ్చట కాదు. మూత్రపిండములు, అనగా మన వాడుకలో కిడ్నీలు, చెడినవారి ఎముకల ముచ్చట. మూత్రపిండమునకును మోకాలికిని పొత్తేమని మీరడుగవచ్చును. ఆ పొత్తు తెలియకపోవుటచేతనే మన ఇండ్లలో నడుము పట్టిన మనిషి నొప్పిగోలీ మ్రింగి, ఆ గోలీచేత మిగిలియున్న మూత్రపిండమును గూడ పోగొట్టుకొనుచున్నాడు. కావున మీ సమయము కొంత తీసికొనుటకు మన్నింపగోరెదము.

2016లో జిల్లాలు చీలి పేర్లు పెరిగినవి. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల. ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు. బ్రతుకుతెరువులు మాత్రము మునుపటివే. సిరిసిల్లలో మరమగ్గము, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుట, ఇక్కడ పని చాలనివారికి భీవండి, షోలాపురము, సూరతు, అదియును చాలనివారికి దుబాయి, మస్కటు. మగ్గము కడ దినమంతయు నిలుచున్నవానికి కాళ్లు పీకును. వేయి బీడీలు లెక్క తేలువరకు తల వంచి కూర్చున్న సోదరికి మెడ, నడుము పట్టుకొనును. ఎడారి యెండలో ఇటుకలు మోసినవానికి ఒళ్లంతయు నొప్పియే. ఇంతమందికిని ఒకే మందు దొరకును. వాడలోని ఆరెంపీ ఒక సూది వేయును, నాలుగు గోలీలిచ్చును. సాయంకాలమునకు నొప్పి తగ్గును. మరునాడు పని చేయవచ్చును. కూలివానికి ఇంతకన్న కావలసినదేమి?

ఆ గోలీలలో డైక్లోఫినాకు, ఐబుప్రొఫెను, ఎసిక్లోఫినాకు మొదలగునవి యుండును. మూత్రపిండములోనికి రక్తము ధారాళముగా పారుటకు దేహము తయారుచేసికొను కొన్ని ద్రవ్యములను ఈ మందులు అణచివేయును. ఆరోగ్యవంతుడు ఒకటి రెండు దినములు వాడిన పెద్ద కీడు లేదు. మధుమేహము గలవాడు, రక్తపుపోటు గలవాడు, ఎండలో చెమటోడ్చి నీరు చాలనివాడు నెలల తరబడి వాడినచో మూత్రపిండము ఎండిపోవును. మధుమేహము, రక్తపుపోటు, రాళ్లు అను మూడు కారణములకు ఇది నాలుగవదిగా చేరుచున్నది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో వేలమందిని పీడించుచున్న మూత్రపిండ వ్యాధికి కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. మన ప్రాంతపు రోగులలో చాలమందికి కారణము అంత నిగూఢము కాదు. అందుచేతనే దీనిని గూర్చి మాటలాడుట ప్రయోజనకరమని మా నమ్మకము.

ఇక అసలు విషయము. మూత్రపిండముల పని మూత్రము చేయుట మాత్రమే యని మనమనుకొందుము. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు తిరిగి రక్తమునకిచ్చుచున్నవి. ఇది పెద్దపనియే. అయినను మరి రెండు పనులు కలవు. ఆహారములో వచ్చి మిగిలిన భాస్వరమును బయటికి పంపుట ఒకటి. విటమిన్ డి ని పనికివచ్చునట్లు మార్చుట రెండవది. చర్మమునకు ఎండ తగిలి పుట్టిన విటమిన్ డి కాలేయములో ఒక మార్పును, మూత్రపిండములో మరియొక మార్పును పొందిన గాని పేగులనుండి కాల్షియమును, అనగా సున్నపు ధాతువును, లోనికి తీసికొనజాలదు. ఈ కడపటి మార్పు జరుగుచోటు మూత్రపిండమేయని 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజరు, కోడిసెక్కు అను పండితులు నిరూపించిరి.

ఎముక రాయి వంటిదని తలపకుడు. అది నిత్యము కరగుచు, నిత్యము కట్టబడుచు నుండు బ్రతికిన పదార్థము. మనవారికి మన వృత్తి మాటతోనే చెప్పెదము. ఎముకలో మాంసకృత్తుల పోగులు పడుగు వంటివి. వాని మీద చేరు కాల్షియము, భాస్వరము గంజి వంటివి. గంజి పట్టని పడుగు మగ్గమెక్కిన ఎట్లు తెగునో, ఖనిజము పట్టని ఎముక అట్లే వంగును, విరుగును. మనిషి దేహములోని కాల్షియము సుమారు ఒక కిలో. అందులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోనే దాచబడియున్నది. రక్తములో తిరుగునది స్వల్పము. కాని గుండె కొట్టుకొనుటకు, కండరము కదలుటకు ఆ స్వల్పము ఎన్నడును తగ్గరాదు.

మూత్రపిండము చెడగానే భాస్వరము బయటికి పోక రక్తమున నిలుచును. విటమిన్ డి మారక కాల్షియము లోనికి రాదు. మెడలో బియ్యపుగింజలంతేసి గ్రంథులు నాలుగున్నవి. పారాథైరాయిడు గ్రంథులని వానికి పేరు. కరువు వచ్చినపుడు ఇంటి పెద్ద గాదెలోని విత్తనపు గింజలకు చేయి పెట్టినట్లు, ఇవి రక్తములోని కాల్షియము తగ్గకుండుటకై ఎముకలోని నిలువను తీయ మొదలిడును. మొదట ఇది రక్షణయే. సంవత్సరములు గడచిన కొలది ఆ గ్రంథులు బలిసి, తీయుట యాపవు. ఎముక గుల్లబారును. అక్కడ తీసిన సున్నమేమగును? రక్తములో అధికమైన భాస్వరముతో గూడి రక్తనాళముల గోడలలోను, గుండె కవాటములలోను పేరుకొనును. ఎముకలో నుండవలసిన గట్టిదనము నాళములకు వచ్చును. డయాలిసిస్ రోగులలో అనేకులు గుండె జబ్బుతో పోవుటకు ఇదియొక ముఖ్యకారణము. కావుననే 2006లో అంతర్జాతీయ వైద్యమండలి యొకటి దీనికి ఎముకలపేరు మాత్రమే పెట్టక, ఖనిజములు, ఎముకలు, రక్తనాళములు మూడును చెడు ఒకే వ్యాధిగా పేరు స్థిరపరచెను. అంతకు మునుపు దీని చరిత్ర పెద్దదే. 1883లో లూకాసు అను ఆంగ్లవైద్యుడు మూత్రములో ఆల్బుమిను పోవుచున్న యువకులకు ఎముకలు వంగుట కనిపెట్టి వ్రాసెను. 1943లో లియూ, చూ అను చీనా వైద్యులు ఈ ఎముకల వికారమునకు మూత్రపిండముల పేరు చేర్చిరి.

ఇచ్చట ఒక తెలుగువానిని స్మరింపక ముందుకు పోజాలము. రక్తములో భాస్వరమెంత యున్నదని తెలిసికొనిన గాని ఈ వ్యాధి పట్టువడదు. ఆ కొలతకు సులువైన రసాయన పద్ధతిని 1925లో అమెరికాలో ఫిస్కె అను ఆచార్యునితో గూడి ప్రకటించినవాడు, 1895లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పేరు మన పాఠశాలలలో పిల్లలకు తెలిసినంతగా సినిమా నటుల పేర్లు తెలియవని చెప్పగలిగిన దినము వచ్చిన బాగుండును. అది వేరు ముచ్చట.

ఈ వ్యాధికి గల పెద్ద చెడ్డగుణము ఏమనగా, చిరకాలము ఏ గుర్తును లేకయే పెరుగును. మూత్రపిండముల శక్తి సగమునకు తగ్గినది మొదలు రక్తములోని లెక్కలు మెల్లగా మారనారంభించును. నొప్పి వచ్చునప్పటికి చాల దూరము పోయియుండును. నొప్పియు ఒక కీలున నిలువక నడుము, తుంటి, ప్రక్కటెముకలు, కాళ్లలో లోతుగా నుండును. తొడలు బలహీనమై, కూర్చున్నవాడు చేతులూనిన గాని లేవలేడు. ఒళ్లంతయు దురద పుట్టును. స్వల్పముగా జారిపడినను తుంటి విరుగును. పిల్లలైనచో ఎత్తు పెరుగరు, కాళ్లు వంకరలగును. ఇందులో ప్రతిదానికిని మనవద్ద వేరు పేరు సిద్ధముగా నున్నది. నొప్పికి వాతమందుము, బలహీనతకు రక్తము లేదందుము, దురదకు పడని తిండి యందుము, కాలు విరిగిన గ్రహచారమందుము.

మేమెరిగిన ఒక నేతన్న కథ వినుడు. ఊరు పేరు చెప్పనక్కర లేదు. మధుమేహము పదేండ్లుగా నున్నది. తుంటి నొప్పియని ఆయన రెండేండ్లు సూదులు వేయించుకొనెను. నొప్పి తగ్గక ఒక ప్రైవేటు వైద్యుని కడకు పోగా ఎముకలు అరిగినవని చెప్పి కాల్షియము గోలీలును, ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి సూదులును వరుసగా ఇచ్చిరి. క్రియాటినిను పరీక్ష ఎవరును వ్రాయలేదు, ఈయనయు అడుగలేదు. కడపట గడప దాటుచు పడి తుంటి విరిగి, శస్త్రచికిత్సకై రక్తము పరీక్షించిన దినమున మూత్రపిండములు రెండును చెడినవని తెలిసినది. ఇంటివారు ఒక్క దినముననే రెండు కష్టములు వచ్చినవని యేడ్చిరి. వచ్చినవి రెండు కావు.

ఇక నీటి సంగతి. మన తెలుగుదేశములో ఎముకల జబ్బు అనగానే ఫ్లోరైడు జ్ఞప్తికి వచ్చును. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో షార్టు మొదలగు వైద్యులు దీనిని వర్ణించిరి. 1955లో నల్లగొండ జిల్లాను గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు వ్రాసెను. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలోను కొన్ని గ్రామముల బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దును దాటియున్నది. ఆరోగ్యవంతుని దేహములో చేరిన ఫ్లోరైడులో చాల భాగమును మూత్రపిండము బయటికి తోసివేయును. మూత్రపిండము చెడినవానికి ఆ ద్వారము మూసికొనిపోయినది. ఆ ఫ్లోరైడు ఎముకలలోనే చేరును. అనగా ఒకే బావి నీరు అన్నకు చేయని కీడు తమ్మునికి చేయవచ్చును. నీరు కాచి త్రాగిన చాలునని కొందరందురు. కాచిన సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కనగును. మిషన్ భగీరథ కుళాయిలో నది నీరు వచ్చుచుండగా, రుచి బాగున్నదని బోరు నీటికే పోవువారు మన ఊళ్లలో ఉన్నారు. మూత్రపిండముల రోగి యున్న ఇంట ఈ రుచిని మానుకొనవలయును.

డయాలిసిస్ యంత్రమునకు గూడ నీటితోనే పని. నాలుగు గంటల చికిత్సలో రోగి రక్తమునకు ఎదురుగా సుమారు 120 లీటర్ల నీరు పారును. 1970 ప్రాంతములలో ఇంగ్లండులోని న్యూకాసిలు మొదలగు చోట్ల డయాలిసిస్ రోగులకు ఎముకలు మెత్తబడి విరుగుచుండగా, కుళాయి నీటిలోని అల్యూమినియమే కారణమని తేలెను. అందుచేతనే నేడు ఆ నీటిని మిక్కిలి శుద్ధి చేసి వాడుదురు. మనమిందుండి గ్రహింపవలసిన ఇంటి సంగతి యొకటి కలదు: కడుపుమంటకు దుకాణములో కొని త్రాగు తెల్లని మందునీళ్లలో చాలవానియందు అల్యూమినియము లవణముండును. మూత్రపిండములు చెడినవారు వైద్యునడుగక దానిని సీసాలకు సీసాలు త్రాగరాదు.

ఆహారమును గూర్చి మా సోదరీమణులు శ్రద్ధగా వినవలయును, ఏలయన వంటయిల్లు వారిది. డయాలిసిస్ చేయించుకొనుచున్న రోగి దినమునకు 1,000 మిల్లీగ్రాముల భాస్వరము తినుననుకొందము. అందులో 600 రక్తమున చేరిన, వారమునకు 4,200. ఒక డయాలిసిస్ 800 మొదలు 1,000 మిల్లీగ్రాముల వరకు తీయగలదు. వారమునకు మూడుమార్లు పోయినను 3,000కు మించదు. ఛార్జీలు లేక, తోడు లేక రెండుమార్లే పోవువానికి 2,000. మిగిలినది ఎక్కడికి పోవును? నాళములకే. కావుననే భోజనములోని భాస్వరమును పేగులలోనే పట్టియుంచు మందులు వ్రాయుదురు. కాల్షియము ఎసిటేటు, సెవలామెరు అనునవి వానిలో కొన్ని. ఈ మందు అన్నముతోపాటే తీసికొనవలయును. పరగడుపున తీసికొన్నను, రాత్రి పరుండబోవుచు తీసికొన్నను, పట్టుటకు అక్కడ భాస్వరమే లేదు, డబ్బు దండుగ. తక్కిన గోలీలన్నిటితో కలిపి ఒక్కసారి మ్రింగివేయు అలవాటు మనలో మిక్కుటము. వైద్యుడు రెండు మాటలలో చెప్పి పంపివేయును, ఇంటివారు మరచెదరు.

జొన్నరొట్టెలోను, పప్పులోను భాస్వరమున్నదని విని కొందరు రోగికి రెండును మాన్పించి ఉత్త అన్నము, చారు పెట్టుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. గింజలలోని భాస్వరము ఫైటేటు రూపమున బంధింపబడియుండుటచే మన పేగులు దానిలో కొంతభాగమే గ్రహించును. ప్యాకెట్లలోని తిండ్లకు నిలువయుండుటకై కలుపు భాస్వర లవణములు మాత్రము దాదాపు పూర్తిగా రక్తమున చేరును. నల్లని కూల్‌డ్రింకులలో పులుపు కొరకు ఫాస్ఫారికు ఆమ్లమే కలుపుదురు. మానవలసినవి మొదట ఇవి. ఆదిలాబాదు వైపు తాతలనాటినుండి తినుచున్న జొన్నరొట్టె ఎంత తినవచ్చునో రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పును. పాలు, పెరుగు, మాంసము కొలతతో నుండవలయును. విరిగిన ఎముక అతుకుటకు పాయ త్రాగించుట మన ప్రాంతమున గొప్ప నమ్మకము. మూత్రపిండముల రోగికి దానిచే ఎముక అతుకదు; ఉప్పు, భాస్వరము మాత్రము చేరును. పెట్టువారి ప్రేమను మేము తప్పుపట్టము.

మందులలో ఒక సూక్ష్మము. ఎముక బలహీనమైనదని కాల్షియము కుమ్మరించుటయు ప్రమాదమే. అధికమైన కాల్షియము నాళములకు పోవును. గ్రంథులను మరీ అణచినచో ఎముక కరగుటయు మాని, కట్టుటయు మాని, పాతపడి పెళుసెక్కును. చూచుటకు రెండు నొప్పులును ఒకటే, చికిత్సలు వేరు. పైకి చూచి ఏది ఏదియో చెప్పుటకు ఏ వైద్యునికిని శక్యము కాదు. రక్తములో కాల్షియము, భాస్వరము, ఆల్కలైను ఫాస్ఫటేజు, పి.టి.హెచ్., విటమిన్ డి చూడవలయును. భాస్వరము సామాన్యముగా డెసిలీటరుకు రెండున్నర మొదలు నాలుగున్నర మిల్లీగ్రాములుండును. డయాలిసిస్ రోగులకు కాల్షియము, భాస్వరము ఒకటి మొదలు మూడు నెలలకొకమారును, పి.టి.హెచ్. మూడు మొదలు ఆరు నెలలకొకమారును చూచుట వైద్యమండలుల సలహా. గ్రంథులు మందులకు లొంగనంతగా బలిసినచో శస్త్రచికిత్సతో తీసివేయుదురు.

ఇప్పుడు పోషకుల సన్నిధిని ఒక మాట. ఆరోగ్యశ్రీ క్రింద డయాలిసిస్ చికిత్సకు రుసుము లేదు. 2022లో డయాలిసిస్ రోగులకును ఆసరా పింఛను విస్తరింపబడెను. ఇవి మేలైన సహాయములు. కాని రోగితో పాటు తోడు పోవువాని కూలి పోవును. వారమునకు మూడు దినములు ఆటో, బస్సు ఛార్జీలగును. పరీక్షలకును, అన్నముతో తీసికొనవలసిన ఆ మందులకును చేతి డబ్బు పడుచున్న ఇండ్లు గలవు. మొదట ఆగునది ఆ మందే, ఏలయన దానిని మానిన మరునాడు ఏ బాధయు తెలియదు. కల్యాణమండపములు, సత్రములు కట్టించిన దాతల పేర్లు చలువరాతిపై చెక్కించుకొన్న సంఘము మనది, అందుకు సంతోషించుచున్నాము. భాస్వరపు మందు కొనిచ్చిన దాత పేరు చెక్కుటకు రాయి యెక్కడ పెట్టుదుమో మాకు తోచదు గాని, ఆ దాతలు కావలయును. ప్రతి పట్టణశాఖయు తన వాడలో డయాలిసిస్‌కు పోవుచున్నవారెందరో మొదట లెక్క తీయవలయును. మధుమేహము గాని రక్తపుపోటు గాని గలవారికి ఏటేట క్రియాటినిను, మూత్రములో ఆల్బుమిను పరీక్ష జరుగునట్లు చూడవలయును. ఇది పెద్ద ఖర్చు కాదు. పెండ్లి విందులో ఒక మిఠాయి తగ్గించిన సరిపోవును.

ఎముక విరిగిన మూత్రపిండముల రోగిని మర్దనకు గాని, కట్టునకు గాని తీసికొనిపోక తిన్నగా పెద్ద దవాఖానాకు పంపుడు. పోవునపుడు కడపటి రక్తపరీక్షల కాగితములు, వాడుచున్న మందుల చీటీ, డయాలిసిస్ జరుగు దినముల పట్టిక చేతిలో నుండవలయును. ఎముకల వైద్యుడు నొప్పికి మందు వ్రాయబోవునపుడు, అడుగకముందే, "ఈయనకు కిడ్నీలు చెడినవి" అని తోడు పోయినవారు చెప్పవలయును.